ఎడమ వైపు కుర్చీ

ఆ మూడంతస్తుల బిల్డింగులో మెదడు గురించీ మాట గురించీ తెలిసినవాళ్ళు ముప్ఫై మంది దాకా ఉంటారు. అందరికీ పేరు ముందు డాక్టరు అని ఉంటుంది. కింది అంతస్తులో, సింకు పక్క గదిలో కూర్చునే ఆవిడకి మాత్రం పేరు ముందూ ఏమీ లేదు, వెనకా ఏమీ లేదు. అందరూ టోపీలక్క అంటారు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ పని మనుషుల తలలకి టోపీలు తొడగడం. "ఈ బిల్డింగులో నేను టోపీ పెట్టని మనిషి లేడు, పెద్దమేడంతో సహా" అని ఎదుటివాళ్ళు ఆ జోకు వేసేలోపే తనే వేసేస్తుంది. ప్రతి ఏడూ అదే జోకు. కొత్తవాళ్ళు ప్రతి ఏడూ నవ్వుతారు కాబట్టి మార్చాల్సిన అవసరం రాలేదు.

ఆ టోపీ సంగతి కాస్త చెప్పాలి. ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునే లాంటిదే, సాగే గుడ్డ. దాని మీద అరవై నాలుగు చోట్ల బొత్తాల్లాంటివి బిగించి ఉంటాయి. వాటిని ఎలక్ట్రోడులనాలి గానీ టోపీలక్క బొత్తాలనే అంటుంది. ఒక్కో బొత్తం కింద మొండి సూది సిరంజితో చల్లటి జెల్ ఎక్కిస్తే, తలలో పుట్టే కాస్తంత కరెంటు వైర్ల గుండా ఒక డబ్బాలోకి పోయి తెర మీద గీతలుగా కనిపిస్తుంది. మనిషి ఒక మాట విన్నప్పుడు, ఒక బొమ్మ చూసి దాని పేరు వెతుక్కున్నప్పుడు ఆ గీతలు ఎక్కడ లేస్తాయి, ఎప్పుడు లేస్తాయి అన్నదే పై రెండంతస్తుల్లో జరిగే చదువంతా.

టోపీలక్క చదువు ఇంటర్, ఆ పైన ఏడాది డిప్లొమా. ఒక ఆసుపత్రిలో మూర్ఛ వచ్చేవాళ్ళకి ఎనిమిదేళ్ళు ఇదే పరీక్ష చేసింది. కదలకండి అంటే మనుషులు కదులుతారని, ఆ మాట అనకుండానే కుదురుగా కూర్చోబెట్టాలని అక్కడే నేర్చుకుంది. ఒకరోజు ఈ సంస్థని నడిపే ప్రొఫెసరు, అందరూ పెద్దమేడం అనే ఆవిడ, ఏదో పని మీద ఆ ఆసుపత్రికి వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. మా దగ్గరికి వచ్చి కొత్తవాళ్ళకి నేర్పుతారా అని అడిగింది. "నేను నేర్పేదేముంది మేడం, నాకే చదువు లేదు" అంటే, "చదువు వాళ్ళకి చాలా ఉంది. చేతులే లేవు" అందట. ఆ మాట టోపీలక్కకి బాగా నచ్చింది. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

ఏడాదికి అయిదుగురు వస్తారు. అప్పుడే పీహెచ్‌డీ చేతికొచ్చి, ఇంకా ఆ మెరుపు తగ్గనివాళ్ళు. పైన వాళ్ళకి లెక్కలూ సిద్ధాంతాలూ చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. మనిషి తల ముట్టుకోవడం నేర్పేది ఈవిడ. మొదటి రోజే చెప్పేస్తుంది: మొదటి తల నీదే. ఇంకొకరికి టోపీ పెట్టే ముందు నువ్వు ఆ కుర్చీలో రెండు గంటలు కూర్చోవాలి. టేపుతో ముక్కు మొదలు నుంచి వెనక ఎముక దాకా కొలిపించుకోవాలి. అరవై నాలుగు సార్లు జెల్ పోయించుకోవాలి, గడ్డం కింద పట్టీ ఒరుసుకుంటుంటే కిమ్మనకుండా ఉండాలి. తర్వాత సింకులో తల కడుక్కుంటూ ఉంటే ఈవిడ తువ్వాలు పట్టుకుని వెనకాల నిలబడుతుంది. "ఇప్పుడు చెప్పు. రేపు నీ ముందు కూర్చునేవాళ్ళకి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది అని చెప్తావా, చాలా ఇబ్బందిగా ఉంటుంది అని చెప్తావా?"

రెండో నియమం కళ్ళది. రికార్డింగు మొదలుపెట్టే ముందు, తల తిప్పకుండా ఎడమకి చూడండి, కుడికి చూడండి అని అడగాలి. టోపీలో కణతల దగ్గర రెండు బొత్తాలుంటాయి. కళ్ళు ఎడమకి తిరిగితే ఎడమ బొత్తం గీత పైకి లేస్తుంది, కుడిది కిందికి దిగుతుంది. అలా జరిగితే వైర్లన్నీ సరిగా తగిలించినట్టు. అర నిమిషం పని. అర నిమిషం పనే కాబట్టి అందరికీ విసుగు. టోపీలక్క ఊరుకోదు. చాలామందిలో మాట పని ఎక్కువగా జరిగేది ఎడమ వైపే. "మాట సంగతి తేలుస్తానని వచ్చినవాళ్ళకి ఎడమేదో కుడేదో తెలియకపోతే ఇంకేం తేలుస్తారు?" అంటుంది.

ఆ నియమానికి ఒకే ఒక్క మినహాయింపు ఇచ్చింది. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళకి. వాళ్ళలో చాలామందికి ఎడమ అన్న మాటే అందదు. అడిగినకొద్దీ ముఖం ఎర్రబడుతుంది, అసలు పని మొదలవకముందే మనిషి ఓడిపోయినట్టు కూర్చుంటాడు. "వాళ్ళకి వద్దులే అమ్మా, పాపం" అంది టోపీలక్క. ఈ కథలో ఉన్న తప్పు సగం ఆ 'పాపం'లోంచి వచ్చిందే.

వాళ్ళ కోసం టోపీ కూడా వేరే ఉంచింది. పాత నీలం టోపీ. వాడి వాడి గుడ్డ మెత్తబడింది, తల బిగించదు. వాళ్ళతో వచ్చిన మనిషిని లోపలే కూర్చోనిస్తుంది, ఎడమ వైపు కుర్చీలో. కుడి వైపు డబ్బా ఉన్న బల్ల అడ్డం. నోరు విప్పకూడదు, పెదాలు కదిపి అందించకూడదు, ఊరికే కూర్చోవాలి.

ఆ ఏడు వచ్చిన అయిదుగురిలో ఒక అమ్మాయికి టోపీలక్క ఎందుకమ్మ అని పేరు పెట్టింది. ఏం చెప్పినా ఎందుకు అనేది. జెల్ వేళ్ళతో కాకుండా సిరంజితో ఎందుకు? టోపీ వేణ్ణీళ్ళతో ఎందుకు కడగకూడదు? మొదటి వారంలో టోపీలక్కకి తల ప్రాణం తోకకి వచ్చింది. రెండో నెలకి ఆ పిల్ల రాని రోజు గది చప్పగా ఉండేది. ఎందుకమ్మ తీసుకున్న పని ఇది: మాట పోయిన పదకొండు మందికీ, మాట బాగా ఉన్న ఇరవై మందికీ అవే బొమ్మలు చూపించి, పేరు వెతుక్కునేటప్పుడు ఏ వైపు గీతలు లేస్తాయో చూడటం. ఇరవై మందిలో ఎడమే లేచింది. పదకొండు మందిలో, పదకొండుకి పదకొండు, కుడి లేచింది. ఎడమ దెబ్బతింటే మాట కుడి వైపుకి ఇల్లు మారుతోందన్నమాట. కొంత అలా జరుగుతుందని అందరికీ తెలుసు గానీ ఇంత శుభ్రంగా ఎవరూ చూడలేదు. పై అంతస్తు వాళ్ళు కూడా మెట్లు దిగొచ్చి ఆ గీతలు చూసి వెళ్ళారు.

ఏడాది చివర ఒక శుక్రవారం అయిదుగురూ కమిటీ ముందు చెప్పాలి. ఒక్కరికి రెండేళ్ళ పోస్టు. ఈసారి అది ఎందుకమ్మదే అని మిగతా నలుగురే అనుకున్నారు.

ఆ వారం సోమవారం మధ్యాహ్నం ఎందుకమ్మ లాప్‌టాప్ పట్టుకుని టోపీల గదికి వచ్చింది. "అక్కా, ఒకసారి విను. నీకు బోరు కొట్టిన చోట కట్ చేస్తా." టోపీలక్క టోపీలు ఆరేస్తూనే వింది. ఎక్కడా బోరు కొట్టలేదు. మధ్యలో ఆ పిల్ల, పనికిరాని గీతల్ని ఎలా తీసేసిందో చూపించింది. "ఇదిగో, కండక్టరు గారి రికార్డింగు. ఈయన మాట ఆగినప్పుడల్లా కళ్ళు పక్కకి తిప్పేవాడు. ప్రతిసారీ ఇలా మెట్టులా లేస్తుంది. ఈ చెత్తంతా ఏరి పారేశాను."

కండక్టరు గారంటే టోపీలక్కకి ప్రత్యేకం. ముప్ఫై ఏళ్ళు బస్సులో స్టాపుల పేర్లు అరిచిన మనిషి, ఇప్పుడు గ్లాసుని గ్లాసనలేడు. మాట ఆగినప్పుడల్లా కుర్చీలో ఉన్న భార్య వైపు చూసేవాడు. ఆవిడ నోరు బిగపట్టుకుని కూర్చునేది.

"ఎటు పక్కకి?" అంది టోపీలక్క.

"కుడికి. చూడు, కుడి కణత దగ్గర పైకి లేచింది."

టోపీలక్క చేతిలో టోపీ అలాగే ఉండిపోయింది. కుడి వైపు డబ్బా ఉంది. డబ్బాని ఎవరు చూస్తారు?

"బాగుంది. చివర్లో కాస్త నెమ్మదిగా చెప్పు" అని మాత్రం అంది. ఆ పిల్ల సంబరంగా వెళ్ళిపోయింది.

తలుపు వేసి, నీలం టోపీ తీసి తన తలకి తనే పెట్టుకుంది. కావలసిన నాలుగు బొత్తాల కిందే జెల్ పెట్టుకుంది. వైర్లు రెండు కట్టలుగా వచ్చి రెండు ప్లగ్గుల్లో కలుస్తాయి. ఒకటి ఎడమది, ఒకటి కుడిది. చూడ్డానికి రెండూ ఒకటే. వాటి మీది అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి, అందుకే ఎడమ ప్లగ్గు మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి ఉంచింది. ఎర్రది ఎడమ రంధ్రంలో, రెండోది కుడి రంధ్రంలో తగిలించి, ఖాళీ కుర్చీ వైపు, అంటే ఎడమకి చూసింది. తెర మీద కుడి గీత లేచింది. ఇంకోసారి చూసింది. మళ్ళీ కుడిదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడు నెలల కిందట, ఆ పదకొండు మంది రావడానికి ముందు వారం, మందు నీళ్ళలో కడిగితే పాత చుక్క ఊడిపోయింది. కూతురి నెయిల్ పాలిష్ సీసా తెచ్చి కొత్త చుక్క పెట్టింది. టోపీ ఆరడానికి లోపలి వైపు బయటికి తిరగేసి ప్లాస్టర్ బొమ్మ తలకి తొడిగి ఉంది. ఎడమ చెవి దగ్గర నుంచి వచ్చిన కట్టని వేలితో పట్టుకుని పోయి, దాని చివరి ప్లగ్గుకి చుక్క పెట్టింది. తిరగేసిన చొక్కాకి ఎడమ చెయ్యి కుడి చెయ్యవుతుంది. రోజూ ఇంట్లో బట్టలు మడతపెట్టే మనిషికి ఆ సంగతి తెలియదా? తెలుసు. ఆ రోజు తట్టలేదు, అంతే. మిగతా ఎవరి మీదైనా కళ్ళ పరీక్షలో అర నిమిషంలో పట్టుబడేది. ఈ టోపీ పరీక్ష లేనివాళ్ళకి మాత్రమే వాడతారు.

ఎందుకమ్మ కనిపెట్టిందంతా ఆ చుక్క.

పంతొమ్మిదేళ్ళలో తన టోపీ తప్పు చూపించిందని ఎవరూ అనలేదు. ఇప్పుడూ అనరు, తను చెప్తే తప్ప. చుక్క గీకేసి అటుది ఇటు పెడితే వచ్చే ఏడు నుంచి అన్నీ సరిగానే వస్తాయి. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకోవాలి. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా.

సాయంత్రం ఇంట్లో బట్టలు మడతపెడుతూ భర్తకి చెప్పింది. ఆయనది కళ్ళద్దాల షాపు, దేనికీ కంగారుపడే మనిషి కాదు.

"శుక్రవారం అయ్యాక చెప్పు. ఆ పిల్ల ఉద్యోగం తేలిపోతుంది, తర్వాత సరిచేసుకుంటారు."

"అప్పుడు చెప్తే దాన్నేమంటారు?"

"ఆలస్యం అంటారు."

టోపీలక్కకి ఒళ్ళు మండింది. ఆయన తప్పుడు సలహా ఇచ్చాడని కాదు. ఆ సలహా తనకి నచ్చినందుకు. చేతిలో ఉన్న చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టింది.

మంగళవారం పొద్దున కండక్టరు గారూ భార్యా వచ్చారు. వారం వారం అదే అంతస్తులో మాట నేర్పే టీచరు దగ్గరికి వస్తారు, వచ్చినప్పుడల్లా టోపీల గది గుమ్మంలో ఒక నిమిషం ఆగుతారు. ఆ రోజు కండక్టరు గారి తల వంకర పాపిటతో ఉంది. టోపీలక్క చూపు అక్కడే ఉండటం గమనించి భార్య నవ్వింది.

"ఆయనే దువ్వుకున్నారు, ఎడమ చేత్తో. మీ చిన్న డాక్టరమ్మ చెప్పింది కదా, మాటలన్నీ కుడి వైపుకి మారుతున్నాయని. కుడి మెదడు మాట వినేది ఎడమ చెయ్యే అని మా తమ్ముడు ఎక్కడో చదివాడు. అందుకని రెండు నెలల నుంచి కుడి చేత్తో ఏ పనీ ముట్టనివ్వట్లేదు. దువ్వెన, పెన్ను, తాళంచెవి, అన్నీ ఎడమతోనే."

"ఎవరైనా చెయ్యమన్నారామ్మా అలా?"

"ఎవరూ అనలేదు. మేమే. మంచిదే కదా?"

కండక్టరు గారి కుడి చెయ్యి పొట్ట దగ్గర ముడుచుకుని ఉంది. ఆర్నెల్ల కిందట ఆ చేత్తోనే, వంకరగానే అయినా, ఫారం మీద సంతకం పెట్టాడు.

"ఇవాళ్టి నుంచి కుడి చేత్తోనే చేయించండి. లోపల టీచర్ని కూడా అడగండి. ఎందుకో సాయంత్రం నేనే ఫోన్ చేసి చెప్తాను. తప్పకుండా చేస్తాను."

వాళ్ళు అటు వెళ్ళగానే ఈవిడ లిఫ్టు కోసం ఆగకుండా రెండంతస్తులు మెట్లెక్కింది.

ఎందుకమ్మ బల్ల దగ్గర నిలబడే మొత్తం చెప్పింది. చుక్క, తిరగేసిన టోపీ, కుర్చీ, కండక్టరు గారి చెయ్యి. నాన్చలేదు, ఏడవలేదు. ఆ పిల్ల మొదటిసారి ఎందుకు అని అడగలేదు.

"ఎవరికైనా చెప్పావా?" అంది.

"మా ఆయనకి. శుక్రవారం అయ్యాక చెప్పమన్నాడు."

"నాకూ అలాగే అనిపిస్తోంది" అంది ఎందుకమ్మ. అని, కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. భుజాలు కదలడం టోపీలక్కకి కనిపించింది. దగ్గరికి వెళ్ళాలా వద్దా తెలియలేదు. వెళ్ళలేదు. తను చేసిన దానికి తనే ఓదార్చడం బాగుండదనిపించింది.

ఆ పిల్ల ముఖం కడుక్కొచ్చి లాప్‌టాప్ తెరిచింది. గొంతు బొంగురుగా ఉంది, కోపంగానూ ఉంది. "ఇవాళ ఒక్క టోపీ చూసి పదకొండు రికార్డింగులూ అలాగే అయ్యాయనలేం. ఎప్పుడైనా ఎవరైనా ప్లగ్గులు మార్చి పెట్టి ఉండొచ్చు. ఒక్కొక్కటీ విడిగా తేలాలి. నేను చెత్త అని పారేసిందంతా మళ్ళీ తియ్యాలి. కుర్చీలో ఎవరు కూర్చున్నారో నీకు గుర్తుందా?"

"అందరూ గుర్తున్నారు."

సరిగ్గా నేర్చుకున్న పిల్ల అడగవలసిందే అడిగింది. టోపీలక్కకి గర్వంగా అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది. ముందు ఇద్దరూ కలిసి పెద్దమేడం గదికి వెళ్ళారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, చివరి దాకా వింది. "శుక్రవారం మార్చడం కుదరదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అని ఆ అమ్మాయితో అంది. టోపీలక్క వైపు తిరిగి, "పరీక్ష మానెయ్యమన్నది మీరు. ఏడు నెలలు చూస్తూ అడగనిది నేను" అంది. అంతకంటే తిడితే బాగుండేదనిపించింది ఈవిడకి.

ఆ రోజూ మర్నాడూ పారేసిన గీతలు ఏరుకోవడంతోనే సరిపోయింది. బొమ్మ వస్తుంది, పేరు రాదు, కళ్ళు పక్కకి తిరుగుతాయి. కండక్టరు గారు భార్య వైపు. ఒక స్కూలు టీచరమ్మ కొడుకు వైపు. ఒక పెద్దాయన వదిన వైపు, ఒకామె తన దగ్గర అద్దెకుండే నర్సు వైపు. కుర్చీలో ఎవరున్నా మాట ఆగిన చోట చూపు అక్కడికే పోయింది, తెర మీద కుడి గీత లేచింది. ఇలా పది మంది తేలారు. పది మందికీ ప్లగ్గులు తారుమారే. కంప్యూటరులో ఎడమ కుడి మార్చేస్తే అసలు సంగతి బయటపడింది. చాలామందిలో మాట ఎడమ వైపే ఉంది, దెబ్బ తగిలిన చోటు చుట్టుపక్కల, నీరసంగా. ఇద్దరిలో కుడి కూడా కొంచెం లేచింది. ఎవరికీ తెలియనిదేమీ కాదు. ఇక దాన్ని చూడటానికి ఎవరూ మెట్లు దిగి రారు.

పదకొండో ఆయన తేలలేదు. ఆయన పెయింటరు, ఇళ్ళకి రంగులేసేవాడు. ఒక్కడే వచ్చాడు. ఎడమ కుర్చీ ఖాళీగా ఉంది. మాట దొరకనప్పుడు బొమ్మలొచ్చే తెరనే చూస్తూ కూర్చున్నాడు. గంట రికార్డింగులో ఆయన కళ్ళు ఎటూ పోలేదు.

"ఈయన్ని తీసేసి పది మందే అని చెప్పొచ్చు కదా" అంది టోపీలక్క.

"తీసెయ్యడానికి కారణం ఏం రాయను? ఎవరూ తోడు రాలేదనా?" అంది ఎందుకమ్మ.

గురువారం పొద్దున పెయింటరుని మళ్ళీ పిలిపించారు, కొత్త రికార్డింగు తీసి పాతదాన్ని దాని పక్కన పెట్టి చూడటానికి. నీలం టోపీ ప్లగ్గు మీది చుక్క గీకేసి, సరైన దానికి పెట్టారు, ఈసారి టోపీ తిరగేసి లేనప్పుడు. ఆయన తల కొలిచింది, జెల్ ఎక్కించింది అంతా ఎందుకమ్మే. టోపీలక్క చెయ్యి పెట్టలేదు. ఎడమకి చూడండి అని ఒక్కసారి నెమ్మదిగా అడిగి చూశారు. ఆయన వాళ్ళ ముఖాలు చూసి తల ఊపాడు, ఏం అడిగారో అందలేదు. ఎందుకమ్మ బయట కంప్యూటరు దగ్గరికి వెళ్ళింది. టోపీలక్క కాసేపు గోడ దగ్గర నిలబడి, తర్వాత వచ్చి ఎడమ వైపు కుర్చీలో కూర్చుంది. అన్నేళ్ళలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

బొమ్మలు మొదలయ్యాయి. గొడుగు. అన్నాడు. తాళంచెవి. సగం అన్నాడు. నిచ్చెన వచ్చింది. జీవితమంతా నిచ్చెన మీద నిలబడ్డ మనిషి నోరు తెరిచాడు, మాట రాలేదు. చెయ్యి లేచి గాలిలో మెట్లెక్కింది. మాట రాలేదు. తెర వైపే చూస్తూ ఉన్నాడు. చూసి చూసి, తల తిప్పకుండా, కళ్ళు మాత్రం ఎడమకి తిప్పి టోపీలక్కని చూశాడు.

ఆవిడకి ఆ మాట నాలిక చివర దాకా వచ్చింది. పెదాలు బిగించుకుంది. ఇన్నాళ్ళూ ఎంతమందిని ఇలా నోరు మూయించి కూర్చోబెట్టిందో, ఆ కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గోడ మీది స్పీకరులోంచి ఎందుకమ్మ గొంతు వచ్చింది. "ఎడమ గీతే లేచిందక్కా."

శుక్రవారం సంగతి ముందే చెప్పేస్తున్నాను, పోస్టు ఆ అమ్మాయికి రాలేదు. చదవడం నేర్చుకునే పిల్లల మీద పని చేసిన ఇంకొకరికి వచ్చింది, ఆ పని కూడా మంచిదే. ఎందుకమ్మ తన పావుగంటలో తప్పు ఎలా జరిగింది, ఎలా దొరికింది, దిద్దాక ఏం మిగిలింది, ఆ వరసలోనే చెప్పింది. కమిటీలో బయట నుంచి వచ్చిన ఒక పెద్దాయన అద్దాల పైనుంచి చూసి, "ప్లగ్గులకి గుర్తు పెట్టింది ఎవరు?" అన్నాడు. ఎందుకమ్మ ఏదో అనబోయింది. అప్పటికే చివరి వరసలో టోపీలక్క లేచి నిలబడింది.

"నేనండి. తప్పు నాది."

ఆయన ఏదో రాసుకుని, తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు. టోపీలక్క కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ పేరు పోవడానికి పట్టింది అంతసేపే.

కండక్టరు గారి భార్యకి మంగళవారం సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ రెండు నెలలు, రెండు నెలలు అని నాలుగైదు సార్లు అంది. తర్వాత గట్టిగానే తిట్టింది. ఈవిడ అడ్డు చెప్పకుండా విని, ఆయన పెన్ను పట్టుకున్న రోజు నాకు చెప్పండమ్మా అని పెట్టేసింది. పెన్ను పట్టుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ రోజు ఫోన్ వచ్చింది.

ఎందుకమ్మ వేరే ఊళ్ళో చిన్న చోట చేరింది. వెళ్ళే ముందు సింకు దగ్గర నిలబడి, "ఒక సంగతి అడగనా అక్కా? ఆ రోజు నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు. మరి ఎందుకు చెప్పావు?" అంది. టోపీలక్క తువ్వాలు మడతపెడుతూ, "నువ్వు ఎప్పటికైనా అడుగుతావని" అంది. ఇద్దరూ నవ్వారు. ఆ పిల్ల వెళ్ళాక ఆవిడ గది తలుపు వేసుకుని కాసేపు ఏడ్చింది.

తర్వాతి ఏడు కొత్త అయిదుగురు వచ్చారు. ఈసారి మొదటి రోజు టోపీ జోకు లేదు. దాని బదులు ఎర్ర నెయిల్ పాలిష్ సీసా బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పింది. తప్పు చేసింది ఎవరో కూడా చెప్పింది. కళ్ళ పరీక్ష ఇప్పుడు అందరికీ ఉంది, మినహాయింపు లేదు. మాట అందనివాళ్ళకి ఎడమ, కుడి అని చెప్పక్కర్లేదు. వాళ్ళతో వచ్చిన మనిషిని ముందు ఎడమ వైపు కూర్చోబెట్టి నాలుగు బొమ్మలు, డబ్బా బల్ల జరిపి కుడి వైపు కూర్చోబెట్టి నాలుగు బొమ్మలు చూపిస్తే చాలు. "పాపం అనిపిస్తే కుర్చీ జరపండి. పరీక్ష మానకండి" అంది.

వెనకాల కూర్చున్న ఒకతను చెయ్యెత్తాడు. "ఎవరూ తోడు లేకుండా ఒక్కరే వస్తే?"

టోపీలక్క వెళ్ళి ఎడమ వైపు కుర్చీలో కూర్చుని చూపించింది.